సముద్రం చూసొచ్చిన పెట్టె

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే నకాశీల వీధిలో బొమ్మ బయటికి పోవడమే గాని వెనక్కి రావడమన్నది ఎవరూ ఎరగరు. అమ్ముడుపోనిది చూరు కింద దుమ్ముపట్టి ఉంటుంది, అమ్ముడుపోయింది మళ్ళీ కంటపడదు. అందుకే అరవై ఆరో సంవత్సరం జూన్ నెలలో ఒక పొద్దున, నిజామాబాదు నుంచి వచ్చిన లారీ వీధి మొగదల ఆగి, అంతయ్య సముద్రాల అవతలికి పంపిన టేకు పెట్టె మళ్ళీ అంతయ్య వాకిట్లోనే దిగినప్పుడు, వీధి వీధంతా చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడింది. ఆడవాళ్ళు కొందరు పెట్టెను ముట్టుకుని చేతులు కళ్ళకద్దుకున్నారు కూడా. సముద్రం చూసొచ్చిన వస్తువాయె మరి!

అంతయ్య మాత్రం పెట్టె వంక ఒక్కసారి చూసి, లోపలికి పోయి గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు.

పెట్టెతో పాటు దిగినవాడు అంతయ్య బావమరిది పర్శరాములు. బొంబాయి రేవు గోదాముల్లో మూటలు మోసే పని అతనిది. ఎప్పుడు ఊరికొచ్చినా బొంబాయి గొప్పలు చెప్పి చెప్పి జనాన్ని విసిగించే మనిషి, ఈసారి నోరు మెదపడం లేదు. అక్క కిష్టవ్వ చేయి పట్టుకుని పక్కకు లాగి అడిగితే గాని చెప్పలేదు.

"రేవుల దిగనియ్యలేదట అక్కా. ఓడ గక్కడిదాంక పొయ్యింది. గాళ్ళ ఆఫీసర్లు వచ్చి మూత తీసి జూసిండ్రట, మల్ల మేకులు గొట్టి గదే ఓడల ఎక్కిచ్చిండ్రట. ఎందుకని అడిగితె సేఠ్ సక్కగ జెప్పలే. 'మీ మాల్ పాస్ కాలేదు, తీస్కపో' అన్నడు. గంతే."

మాల్ పాస్ కాలేదన్న ఆ ఒక్క మాట లోపల వింటున్న అంతయ్యకు పదిమందిలో చెంపదెబ్బ తిన్నట్టయింది.

అతను చేసే కొయ్యపండ్ల సంగతి తెలిస్తే గాని ఆ దెబ్బ ఎంతటిదో తెలియదు. తేలికైన పొణికి కర్రను సీతాఫలం ఆకారానికి చెక్కుతాడు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో దాని మీద ఒక్కో కన్నూ తీరుస్తాడు. సుద్ద పూసి, ఆరబెట్టి, రంగు వేస్తాడు. సీతాఫలం రేపో మాపో పండుతుందనగా కళ్ళ మధ్య లేత పసుపు తేలుతుంది చూడండి, ఆ పసుపును కుంచెతో రప్పించడం వీధిలో ఇంకెవరి వల్లా కాలేదు. హైదరాబాదు నుమాయిష్‌లో బొంబాయి సేఠ్ ఒకాయన ఆ పండును బొటనవేళ్ళతో విప్పబోయి, గోరు విరగ్గొట్టుకుని, నొప్పి తగ్గక ముందే ఆర్డరిచ్చాడు. ఆస్ట్రేలియాలో ఎవరో దుకాణం వాళ్ళకు కావాలన్నాడు. ఆస్ట్రేలియా ఎక్కడుందో వీధిలో ఎవరికీ తెలియదు గాని, అంతయ్య పేరు అక్కడిదాకా పోయిందని మాత్రం ఆ సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది.

చేసిన పండ్లను ఎందులో పెట్టి పంపాలన్న అనుమానమే అంతయ్యకు రాలేదు. సీతాఫలాలు సంతకు ఎలా పోతాయో ఇవీ అలాగే పోవాలి. వెదురు గంపల్లో వరిగడ్డి పరిచాడు. పండుకూ పండుకూ మధ్య గడ్డి మెలిపెట్టాడు, పైన ఇంత గడ్డి కప్పాడు, ఆ గంపలను టేకు పెట్టెలో దించాడు. "గడ్డి జరిపి జూసినోడికి పండే అనిపియ్యాలె, కట్టె అన్నది యాదికే రావద్దు" అన్నాడు. ఆ గడ్డి కూడా ఎక్కడిదో కాదు, గోదావరి ఒడ్డున సోన్ ఊరి దగ్గర, కిష్టవ్వ వాళ్ళ అన్న పొలంలోది. అప్పుడే కోసి, కట్ట కొట్టి, ఇంకా పచ్చివాసన పోనిది. చెల్లెలి ఇంటి నుంచి సరుకు పరదేశం పోతోందంటే ఆ అన్న బండెడు గడ్డి తానే తోలుకొచ్చి పోశాడు.

ఆ పెట్టె పోయిన నాటి నుంచి అంతయ్య కూతురు అనసూర్యకు మనసు మనసులో లేదు. మల్టీపర్పస్ హైస్కూల్లో పన్నెండో తరగతి చదివే పిల్ల, బెల్లు కొట్టినా కదలకుండా క్లాసు గోడ మీది ప్రపంచ పటం ముందు నిలబడిపోయేది. అందులో నిర్మల్ లేదు, ఆదిలాబాదు లేదు, హైదరాబాదు ఆవగింజంత ఉంది. నేల కంటే నీళ్ళే ఎక్కువ. ఆ నీలం మీదుగా తన తండ్రి చేతి సీతాఫలాలు, మేనమామ పొలంలోని గడ్డి మీద పడుకుని పోతున్నాయని తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది. గోదావరికి వరదొస్తేనే ఇవతలి మనిషి అవతలికి పోలేడు. మరి అన్ని నీళ్ళు దాటించి, పేరైనా తెలియని మనిషి ఇంటికి ఒక పండును చేర్చేది ఎవరు? వాళ్ళకు దారి ఎవరు చెప్పారు? ఎవరిని అడిగినా "గదంత సేఠ్ జూసుకుంటడు" అని నవ్వేవాళ్ళు.

హెడ్మాస్టరు దేవదాస్ సార్ ఒక్కడే నవ్వకుండా విన్నాడు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆదివారం చర్చిలో వాక్యం ఎంత భక్తిగా చదువుతాడో, సోమవారం క్లాసులో భూగోళం అంత భక్తిగా చెబుతాడు. పరీక్ష ఫలితాలు రాగానే ఆయన అనసూర్య ముందు రెండు దారులు పెట్టాడు. ఒకటి కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగు. అది పూర్తి చేసి వస్తే ఇదే బడిలో కొలువు, ఇదే ఊళ్ళో బతుకు, ఎవరికీ ఏ చింతా ఉండదు. రెండోది హైదరాబాదులో ఒక కాలేజీ కొత్తగా మొదలుపెడుతున్న కామర్స్ డిగ్రీ. ఒక దేశం సరుకు ఇంకో దేశానికి ఎలా పోతుంది, ఓడలేమిటి, రేవులేమిటి, సుంకాలేమిటి, ఇవన్నీ అందులో ప్రత్యేకంగా చెబుతారట. అక్కడి ప్రిన్సిపాలు సార్‌కు తెలిసినవాడే, ఒక మాట చెబితే సీటు ఉంచుతాడు. "జర ఆలోచించుకో. గా క్లాసుల ఆడపిల్లవు నువ్వొక్కదానివే అయితవేమో" అని కూడా సార్ దాచకుండా చెప్పాడు.

అప్పుడు అంతయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నా పండ్లు పొయ్యిన తొవ్వల నా బిడ్డె పోతనంటె నేనెందుకు అడ్డమొస్త సార్?" అన్నాడు. అది పెట్టె తిరిగి రాక ముందటి మాట.

పెట్టె దిగిన మర్నాడే దేవదాస్ సార్ హైదరాబాదు బస్సెక్కాలి. ఏదో ఒకటి తేల్చి చెప్పమని, ముందు రోజు మధ్యాహ్నం తానే ఇంటికి వస్తానని కబురు పంపాడు. ఆ ఒక్క మాట మీద అనసూర్య బతుకు ఇటో అటో తిరగాలి. పెట్టె సరిగ్గా అదే రోజు చూసుకుని దిగింది.

"టీచర్ ట్రైనింగే అని జెప్పు సార్‌కు" అన్నాడు అంతయ్య గోడ వైపు నుంచి తిరగకుండానే. "పరదేశపోళ్ళ బేరాలు మనకొద్దు. నా చేతి పనిని మూత తీసి జూసి, వద్దని ఎనుకకు పంపిండ్రు. గసువంటోళ్ళ సంగతులు సదువనీకి నా బిడ్డెను హైదరాబాదు దాంక పంపాల్నా?"

తండ్రి వీపు చూస్తే అనసూర్యకు ఏడుపొచ్చింది. నాలుగు మాటలంటే తిరిగి నాలుగు అనగలిగే పిల్లే, ఆ వీపు ముందు మాట రాలేదు. పైగా తనకూ లోపల పిరికితనం పుట్టింది. అంత గట్టి పెట్టె, అంతమంది మోసి ఓడెక్కించిన పెట్టె, అవతలి నేల మీద దిగకుండానే తిరిగొస్తే, నిర్మల్ నకాశీ పిల్ల తానెంత? టీచరునే అవుతాలే అనుకుంది. అనుకోగానే దుఃఖం ముంచుకొచ్చింది. అది తండ్రి కోసమో తన కోసమో తేల్చుకోలేకపోయింది.

మధ్యాహ్నం సన్నగా ముసురు పట్టింది. దేవదాస్ సార్ గొడుగు దులిపి అరుగు మీద కూర్చున్నాడు. సంగతంతా విని, పెట్టె వంక చూసి తల పంకించాడు. పరువు పోయిన మనిషి ఇంట్లో సలహాలు చెప్పడం బాగుండదని ఆయనకు తెలుసు.

"గా పెట్టెను నా కండ్ల ముందల ఉంచకుండ్రి. పొయ్యిల పెట్టుండ్రి" అని లోపలి నుంచి అరిచాడు అంతయ్య.

"పిచ్చా ఏంది? మంచి టేకు పెట్టె. కడిగి బియ్యం పోసుకుంట" అంది కిష్టవ్వ. ఆమెకు లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు, వంటింటికి పనికొచ్చేవి, పనికిరానివి. సముద్రం చూసొచ్చినంత మాత్రాన టేకు పెట్టె రెండో రకంలోకి పోదు. గడ్డపార తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. పర్శరాములు బావ కోపానికి జంకుతూనే మేకులు ఒక్కొక్కటీ ఊడబెరికాడు.

మూత లేచింది. మొదట వాసన వచ్చింది. ముక్కిన వడ్ల వాసన, తారు వాసన, వాటి వెనక ఇంకేదో ఉప్పగా. ఆ తరువాత కిష్టవ్వ నోటి మీద చేయి పెట్టుకుంది.

"ఓ అవ్వో! గిదేందిరా?"

అనసూర్య వంగి చూసింది. గంపల్లో గడ్డి ఉండవలసిన చోట తెల్లటి దారాల్లాంటివి, వెంట్రుకంత సన్నగా, జానెడు పొడవున, వందలు వందలుగా లేచి ఉన్నాయి. పండ్ల మీదుగా పాకాయి, కళ్ళ మధ్య దూరాయి, ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. అన్నీ ఒక్క దిక్కుకే, పెట్టె చెక్కల సందు వైపే, వంగి ఉన్నాయి. ఎండిపోయినా ఆ వంపు పోలేదు. ఒకదాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగింది. అడుగున ఊక చిట్లిన వడ్లగింజ వచ్చింది.

"మనయే" అంది కిష్టవ్వ గొంతు తగ్గించి. "మా అన్న పొలంల వడ్లు. కట్టకు మిగిలిన గింజలు. మన్ను లేదు, పొద్దు లేదు, సముద్రం మీద, చీకట్ల... మొలిశినయి."

అనసూర్యకు పటం మీది ఆ నీలం అంతా ఒక్కసారిగా ఇంటి వాకిట్లోకి వచ్చిపడ్డట్టుంది. సోన్ పొలంలో ఏ కూలి మనిషి చేతి కిందో జారి మిగిలిన గింజ, నడి సముద్రంలో, ఓడ అడుగున, తేమ తగలగానే తన పని తాను చేసుకుంది. ఎక్కడున్నానని అడగలేదు. ఎంత వింత! పద్దెనిమిదేళ్ళ బతుకులో అంతటి వింత ఆమె చూడలేదు, దణ్ణం పెట్టాలనిపించింది.

లోపలి నుంచి అంతయ్య ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ గమనించలేదు. మొలకల వంక చూడనే లేదు అతను. చేయి పెట్టి ఒక సీతాఫలం తీసి, పంచె కొంగుతో తుడిచి, వెలుతురుకు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి తీశాడు. పూత లేవలేదు, పగుళ్ళు లేవు, ఆ లేత పసుపు అలాగే ఉంది.

"మరి ఎందుకు సార్?" అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "ఏం తక్కువైందని?"

దేవదాస్ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని చూశాడు. "నీ పండుకు ఏ వంకా లేదు అంతయ్యా. నీ పండును వాళ్ళు చూసిండ్రో లేదో. గీ గడ్డిని చూసిండ్రు. గా దేశంల ఎప్పుడో ఒకడు సరదాకు నాలుగు కుందేళ్ళను తెచ్చి ఇడిసిపెట్టిండు. అవి పిల్లలు పెట్టి, పిల్లలు పెట్టి, దేశం పచ్చికంత మేసినయి. అప్పటిసంది వాళ్ళకు బయటి గింజన్నా, గడ్డి అన్నా, పురుగన్నా గుండె దడ. గడ్డిల మన కంటికి కనపడని పురుగు ఉంటే? గీ గింజ గాడ దిగి, వాళ్ళ పైరుకు ఏ తెగులో అంటిస్తే? మూత తీసిండ్రు, మొలకలు కనపడ్డయి, మల్ల మూసిండ్రు."

"గీ పోచకా?" అంతయ్య మొలకను ఎత్తి పట్టుకున్నాడు. అది గాలికి వణికింది. "ఒక దేశం దేశమే గీ పోచకు జడిసిందా?"

"జడిసింది."

అంతయ్య ఆ పోచ వంక, సార్ వంక మార్చి మార్చి చూసి, పెట్టె అంచు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తన పండు ఓడిపోలేదు. ఆ కబురు ఒక్కటి చాలు అతనికి. నవ్వు ఆగిందో లేదో, ఏ పనిమంతుడైనా చేసే పనే చేశాడు.

"అయితె మల్ల పంపుదాం. గడ్డి లేకుండ."

"మరి దేంట్ల పెట్టి పంపుతవు?" అంది కిష్టవ్వ. "పాతబట్టలల్ల సుట్టు."

"పత్తి పెడితె మెత్తగుంటది" అన్నాడు అంతయ్య.

"పత్తిల గింజలుండయా బావా?" అన్నాడు పర్శరాములు. "నేను రేవుల విన్న. ఒక దేశం గడ్డి వద్దంటదట, ఇంకోటి పాత గోనెసంచులు వద్దంటదట, ఇంకోటి కట్టె మీద జరంత బెరడున్నా వద్దంటదట. ఎవలకు ఏం వద్దో నాకేమెరుక? మేం మోస్తం, గంతే. అన్నీ తెలిసినోళ్ళు మీద మేడల కూసుంటరు. గాళ్ళు ఊ అంటెనే మూట లేస్తది."

"గాళ్ళు ఏం సదివి గక్కడ కూసున్నరు మామా?"

అడిగింది అనసూర్య. పర్శరాములు తెల్లమొహం వేశాడు. ఇన్నేళ్ళుగా ఆ మేడ కింద మూటలు మోస్తున్నాడు, తల ఎత్తి ఆ మాట ఎవరినీ అడగాలని అతనికి తోచలేదు.

"గదెవ్వలు అడిగిండ్రు బిడ్డా?"

అందరూ దేవదాస్ సార్ వైపు తిరిగారు. ఆయన మొలకను జాగ్రత్తగా మళ్ళీ గంపలో పెట్టి, "నేను నీకు చెప్పిన కోర్సే" అన్నాడు.

ఇన్నాళ్ళూ అనసూర్య సముద్రం అంటే నీళ్ళనుకుంది, దాటడమంటే ఓడ అనుకుంది. ఇప్పుడు ఆ నీలం పటం అంచులంతా, ప్రతి రేవులోనూ, ఎవరో ఒకరు నిలబడి కనిపించారు. ఒకరు గడ్డి పోచకు భయపడేవాళ్ళు, ఒకరు గోనెకు, ఒకరు బెరడుకు. ప్రతి భయానికీ వెనక ఎక్కడో ఎండిన పొలం ఉంది, ఏడ్చిన రైతు ఉన్నాడు. అవన్నీ తెలిస్తే గాని తండ్రి చేతి పండు ఒక్కటి అవతలి మనిషి బల్ల మీద కూర్చోదు. ఎంత పెద్దది ఈ లోకం! దాన్ని ఒక చదువుగా చెప్పేవాళ్ళున్నారు. ఆ చదువును తాను ఈ పొద్దున వద్దనుకుంది.

"నీకు భయమైతలేదా బిడ్డా?" అన్నాడు అంతయ్య. పొద్దటి కోపం గొంతులో లేదు. "క్లాసుల నువ్వొక్కదానివే ఉంటవని సార్ అనె."

"అయితుంది బాపూ. మస్తు భయమైతుంది." అబద్ధం చెప్పాలనిపించలేదు. "గని గీ మొలకలను జూసినంక నేను గిక్కడ కూసొని అ ఆ లు జెప్పుకుంట ఉండలేను. ఎన్నేండ్లయినా గీ పెట్టె ఎందుకొచ్చింది, మల్ల ఎట్ల పోవాలె అన్నదే నా మనసుల తిరుగుతది."

కిష్టవ్వ అప్పటిదాకా గంపల్లోంచి మొలకలను ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది: "మా అన్న చేతి గింజనే దిగనియ్యలే. రేపు నా బిడ్డెను దిగనిస్తరా?"

పోయేది హైదరాబాదుకే గదమ్మా అని దేవదాస్ సార్ చెప్పవచ్చు. కాని కిష్టవ్వ అడిగింది హైదరాబాదు గురించి కాదని ఆయనకు తెలుసు.

అంతయ్యే మాట్లాడాడు. "గింజకు ఏం తెలుసునే పాపం? ఎక్కడికి పోతున్నదో తెల్వక పొయ్యింది. నేను గూడ తెల్వకనే పంపిన." భార్య పక్కన గొంతుకూర్చున్నాడు. "నా బిడ్డె తెలుసుకొని పోతది. గాళ్ళు ఎందుకు వద్దంటరో తెలుసుకొని, గప్పుడు పోయి తలుపు గొడ్తది. గప్పుడు గూడ వద్దంటె, తప్పు మనది గాదు." తల ఎత్తి సార్ వైపు చూశాడు. "కామర్స్ అని జెప్పుండ్రి సార్."

దేవదాస్ సార్ లేచి గొడుగు తీసుకున్నాడు. వెంటనే పోలేదు. అనసూర్య ముందు నిలబడి, "మీ బాపు జెప్పిండు. నాకు నీ నోటి మాట గావాలె" అన్నాడు.

అనసూర్య తండ్రి వంక చూసింది, తల్లి వేళ్ళకు అంటుకున్న తెల్లటి మొలకల వంక చూసింది.

"కామర్సే సార్" అంది.